ఆదివారం కడుగునీళ్లు

సింగ్‌నగర్, విజయవాడ
8 డిసెంబర్ 2024

ఆపాకి,

అస్సలాము అలైకుం. నువ్వూ దుల్హాభాయ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం. వరద తీసి ఇన్ని నెలలైనా నా షాపుకి రిపేరుకొచ్చే ప్రతి మిక్సీలోంచీ బుడమేరు బురద రాలుతూనే ఉంది. మొన్న ఒక గ్రైండర్ విప్పితే లోపల ఎండిపోయిన చేపపిల్ల కనపడింది. “ఇది కూడా మీదేనా అమ్మా?” అంటే, “గ్రైండర్‌తో పాటు రాలేదు, మీరే ఉంచుకోండి” అందావిడ.

ఈ కాలంలో వీడు ఉత్తరం రాయడమేంటి అనుకుంటున్నావా? ఫోన్ చేస్తే నేను అరిచే అరుపు సింగ్‌నగర్ మొత్తం వింటుంది, నీకు తప్ప. చెవి మిషను పెట్టుకోమంటే ఈల వేస్తుందని అల్మారాలో పడేశావు. దుల్హాభాయ్ ఫోనుకి మెసేజ్ పెడదామా అంటే ఆయన దాన్ని టీ బంకు దగ్గర పదిమందికీ చదివి వినిపిస్తాడు. నేనడిగేది అందరూ వినేది కాదు.

అమ్మీ బియ్యం కడిగిన నీళ్లు పులవబెట్టి తలకి పోసుకునేది కదా. నాకు గుర్తున్నదల్లా వంటింటి మూల ఏదో గిన్నె, దాని మీద పల్చటి గుడ్డ, దగ్గరికెళితే పుల్లటి వాసన. అసలు ఎలా చేసేది? ఫోన్లో వెతికితే ఒకామె కొరియా అంటుంది, ఇంకొకామె చైనా అంటుంది, ఒకతను కమలా తొక్కలు వెయ్యమంటాడు. నాకు అవేం వద్దు. అమ్మీ చేసిన పద్ధతే కావాలి.

ఎవరికి, ఎందుకు అని మాత్రం అడగకు. మీ అబ్బాయి ముస్తఫాకి అసలే చెప్పకు.

దుల్హాభాయ్‌కి నా సలాం.

నీ తమ్ముడు,
జాకీర్

*

ఉయ్యూరు
16 డిసెంబర్ 2024

తమ్ముడు జాకీర్‌కి నీ ఆపా దువా.

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. ఎవరికని అడగొద్దా? అడగటానికేముందిరా! ముప్పై ఏళ్లకే ఊడిపోయిన జుట్టు మీద ఇప్పుడు మనసు మళ్ళిందన్నమాట. సరేలే, ఎవరికీ చెప్పను. మీ దుల్హాభాయ్‌కి ఒక్కడికే చెప్పాను. ఆయన కూడా నవ్వాడు గానీ, “పనిచేస్తే నాకూ చెప్పమను” అన్నాడు.

విను. బియ్యం మొదటిసారి కడిగిన నీళ్లు దుమ్ము నీళ్లు. అవి కుడితి తొట్టిలో పొయ్యి. మీకు బర్రె లేదు కాబట్టి మొక్కలకి పొయ్యి. రెండోసారి నీళ్లు పోసి, చేత్తో గట్టిగా పిసికితే పాలల్లే తెల్లగా వస్తాయి చూడు, ఆ కడుగు పట్టుకోవాలి. గాజు సీసాలోనో జాడీలోనో పోసి, పైన గుడ్డ కట్టి, నీడన ఓ రోజు వదిలెయ్యి. చలికాలం కాబట్టి ఇంకో పూట ఎక్కువ పడుద్ది. పుల్లవాసన మొదలయ్యిందంటే అయిపోయినట్టే. కుళ్ళు వాసన రాకూడదు. అందులో అంతకి అంత మంచినీళ్లు కలిపి, తలంటుకున్నాక పోసుకుని, మాడంతా మెల్లగా రుద్ది, కాసేపాగి కడిగెయ్యాలి. వారానికోసారి చాలు. నీ నెత్తికయితే జాడీ ఎందుకురా, టీ గ్లాసు చాలు. మిగిలింది మొక్కలకే పొయ్యి, వాటికైనా నిగారింపు వస్తది.

ఇక అసలు కబురు. ముస్తఫాకి సంబంధం కుదిరింది. పిల్ల గుడివాడ, పేరు ఫిర్దౌస్, టీచరు ట్రైనింగ్ అయ్యింది. రంజాన్ వెళ్లాక ఏప్రిల్లో నికా. మన ఇంటి వాడుక నీకు తెలుసుగా, కొత్త కోడలికి తల దువ్వి జడ వెయ్యాల్సింది పెళ్లికొడుకు మేనమామ భార్యే. నాకు మీ దుల్హాభాయ్ వాళ్ల పెద్దమామీ వేసింది. ఫిర్దౌస్‌కి ఆస్రా వెయ్యాలి. ఆ జడ చూసే కదా నేను దాన్ని నీకు కట్టబెట్టింది! నడుం కింద దాకా నల్లతాచు లాంటి జడ. ఆ చేత్తో జడ వేస్తే కోడలికీ అంత జుట్టు వస్తదని ఇక్కడ మా తోడికోడళ్లందరికీ చెప్పి పెట్టాను. ఆస్రాకి ఈ ముక్క చదివి వినిపించు, మురిసిపోద్ది.

ఫ్యాక్టరీ క్రషింగ్ మొదలైంది. రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు. వీధిలో బట్టలారేస్తే చాలు, బెల్లం వాసన పట్టేస్తున్నయ్యి.

నీ ఆపా,
దిల్షాద్ బేగం

*

సింగ్‌నగర్
7 జనవరి 2025

ఆపాకి సలాం.

ముస్తఫా పెళ్లి కబురు విని చాలా సంతోషించాను. పిల్ల టీచరంటే వాడికి ఇంట్లో కూడా హోంవర్కే.

నువ్వు గుడ్డ కట్టమన్నావు. నేను వినలేదు. మన బుద్ధి మిక్సీ రిపేరు బుద్ధి కదా, దుమ్ము పడకుండా పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూత బిగించాను. మర్నాడు మధ్యాహ్నం ఆ సీసా బాంబులా పేలింది. వంటింటి కిటికీ తెరిచి ఉందేమో, సగం కడుగు వెళ్లి పైవాటా అమలమ్మ గారు అప్పుడే ఆరేసిన దుప్పట్ల మీద పడింది. ఆవిడ దిగివచ్చి, “జాకీర్ గారూ, మీ ఇంట్లో సారా కాస్తున్నారా?” అని అడిగారు. ప్రమాణం చేసి చెప్పినా నమ్మినట్టు లేదు. దుప్పట్లు నేనే ఉతికిచ్చాను.

రెండోసారి గుడ్డ కట్టాను గానీ షాపులో పనెక్కువై మర్చిపోయాను. గుర్తొచ్చి తెరిస్తే వాసనకి కళ్ళల్లో నీళ్లొచ్చాయి. పారబోశాను. మూడోసారి కుదిరింది. వాసన కూడా నువ్వు చెప్పినట్టే, పెరుగు తోడుకున్నప్పటి పులుపు.

ఒక సందేహం. పొడుగు జుట్టయితే ఎంత కడుగు పట్టాలి? చివర్ల దాకా పొయ్యాలా, మాడుకి చాలా? పోసేటప్పుడు దురద పెడితే నీళ్లు ఇంకాస్త ఎక్కువ కలపొచ్చా? దువ్వెన ఎలాంటిది మంచిది?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఏప్రిల్లో ఆస్రాకి వీలుపడకపోవచ్చు. నేనూ పిల్లలూ వస్తాం. ఫిర్దౌస్‌కి జడ వేసే పని మీ తోడికోడళ్లలో ఎవరికైనా అప్పజెబితే మంచిది. ఇప్పటినుంచే చెబుతున్నాను కాబట్టి నీకు ఇబ్బంది ఉండదనుకుంటాను.

జాకీర్

*

ఉయ్యూరు
20 జనవరి 2025

జాకీర్‌కి,

ఇబ్బంది ఉండదా? నా ఒక్కగానొక్క కొడుకు పెళ్లికి నా ఒక్కగానొక్క తమ్ముడి పెళ్లాం రాదట, నాకు ఇబ్బంది ఉండదట! వీలుపడకపోవడం ఏంటి? ఏప్రిల్లో ఏముంది? దానికేమన్నా కలెక్టరు ఉద్యోగం వచ్చిందా?

పోయిన వారం ముస్తఫా మీ ఇంటికి కార్డు నమూనా చూపించడానికి వచ్చాడు కదా. వాడు చెప్పింది విని నాకు అన్నం సయించట్లేదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడావంట. ఆస్రా లోపల గదిలోంచి “బాగున్నావా” అని అరిచిందే గానీ మొహం చూపించలేదంట. వాడు పుట్టినప్పటినుంచీ ఎత్తుకు తిరిగిన మనిషి! పైగా ఆ ముందురోజు బీసెంట్ రోడ్డులో నిన్ను చూశాడంట. ఆడవాళ్ల సామాన్ల కొట్టులో నిలబడి వెడల్పు పళ్ల చెక్క దువ్వెన, మెత్తటి స్కార్ఫు, రంగురంగుల క్లిప్పులు బేరం చేస్తున్నావంట. పిలిస్తే పలక్కుండా సందులోకి తిరిగావంట.

నీకు దువ్వెనతో పనేంటి? పొడుగు జుట్టు ఎవరిది? ఆస్రా జుట్టుకైతే నన్ను అడగాల్సిన పనిలేదు, దాని జుట్టు దానంతటదే పెరుగుద్ది. జాకీర్, ఉన్న మాట చెప్పు. ఆస్రా ఇంట్లో సంతోషంగా ఉందా?

లేకపోతే సంగతి వేరేనా? తెనాలిలో ఆస్రా అన్నకి పెళ్లీడు కూతురుంది కదా. ముస్తఫాకి ఆ పిల్లని అడగలేదని దానికి కోపమొచ్చిందా? ఒక్క మాట ముందే అంటే నేను కాదనేదాన్నా? ఇప్పుడు మాట ఇచ్చేశాక మొహం చాటేస్తే ఎట్లా?

రెండిట్లో ఏదో రాయి. రెండోదే అయ్యుండాలని దువా చేస్తున్నాను.

దిల్షాద్

*

సింగ్‌నగర్
2 ఫిబ్రవరి 2025

ఆపా,

ఆస్రా ఇంట్లోనే ఉంది. సంబంధం గురించి కోపం లేదు, నువ్వు రాసేదాకా ఆ ఊహే లేదు. ఇక రెండోది, అంటే నువ్వు మొదట రాసింది, దాని గురించి ఏమని జవాబు రాయను? ఈ బట్టతలని, ఈ గ్రీజు గోళ్లని చూసి మనసు పారేసుకునేవాళ్లు విజయవాడలో ఎవరున్నారు? పెళ్లినాడే ఆస్రా కాస్త తటపటాయించింది.

తనకి ఎవరి కంటా పడటం ఇష్టం లేదు. ఎందుకో చెప్పనని తనకి మాటిచ్చాను. ముఖ్యంగా నీకు చెప్పనని. నన్ను నమ్ము, అంతే.

దువ్వెన సంగతి నువ్వు చెప్పనేలేదు. చెక్కదే కొన్నాను.

జాకీర్

*

ఉయ్యూరు
10 ఫిబ్రవరి 2025

ఆస్రాకి నీ ఆపా దువా.

వాడి ఉత్తరం చదివాక ఇక వాడితో లాభం లేదనిపించింది. “ముఖ్యంగా నీకు చెప్పనని” అని రాశాడు. ముఖ్యంగా నాకంట! వాడిని పెంచింది నేను, నిన్ను తెచ్చింది నేను. నాకు చెప్పకూడని మాట మీ ఇంట్లో ఏముందో, ఈ ముసల్దాని బుర్రకి ఒక్కటే తోస్తంది.

అమ్మా, వాడు నీ మీద సవతిని తెచ్చాడా? తెచ్చినా, తేవాలనుకుంటున్నా ఒక్క ముక్క రాయి చాలు. పొద్దున బస్సుకి వస్తాను. నేను వాడి అక్కని కాబట్టి వాడి పక్షం మాట్లాడతాననుకోకు. చెప్పు నా కాలికే ఉంటది గానీ చేతిలోకి రావడం ఎంతసేపు? మీ దుల్హాభాయ్ “తొందరపడకు” అంటున్నాడు. ఆయన జీవితంలో తొందరపడింది ఎప్పుడు గనక!

అది కాకపోతే, నా వల్ల ఏదన్నా తప్పు జరిగితే అది కూడా రాయి. చెవులు సరిగా వినపడని మనిషికి ఎవరు ఏ మాటకి నొచ్చుకున్నారో తెలియదు. నువ్వు అన్నది వినక నేను ఎప్పుడన్నా జవాబివ్వలేదేమో. ఇన్నాళ్లూ అందరితో అంతే, ఊ కొట్టి నవ్వేస్తాను.

నువ్వు రాకుండా మాత్రం ఈ పెళ్లి నాకు పెళ్లిలా ఉండదు.

దిల్షాద్ బేగం

*

సింగ్‌నగర్
20 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన దిల్షాద్ ఆపాకి,

ఆస్రా సలాం. మీ ఉత్తరంలో సవతి అన్న మాట దగ్గర నేను నవ్విన నవ్వుకి అమలమ్మ గారు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చారు. నవంబరు తర్వాత అంతగా నవ్వడం అదే మొదలు. ఆయనకి చదివి వినిపిస్తే, “చూశావా, మా ఆపా ఒక్కతే నన్ను ఇంకా మగాడిగా లెక్కేస్తోంది” అన్నారు.

సవతి లేదు ఆపా. మీ తప్పు అసలే లేదు. మీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నది నేనే.

వరదప్పుడు మేం డాబా మీద తడుస్తూ ఉండి, పడవ వచ్చాక దిగామని మీకు తెలుసు. ఆ తర్వాత నాకు డెంగీ జ్వరం వచ్చి తగ్గిందని కూడా తెలుసు. తగ్గాక ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. నవంబరులో ఒక పొద్దున దువ్వుకుంటుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చింది. మర్నాడు గుప్పెడు. దిండు మీద, అన్నంలో, పిల్లల యూనిఫారాల మీద, ఎక్కడ చూసినా నా జుట్టే. జడ సన్నబడి సన్నబడి చిటికెన వేలంత అయింది. పాపిట దగ్గర మాడు కనపడుతోంది. ఇంట్లో కూడా దుపట్టా తియ్యడం మానేశాను. అద్దం గోడవైపు తిప్పి పెట్టాను.

ఒకరోజు బాత్రూంలో నీళ్లు పోవడంలేదని ఆయన తూము మీది జాలీ విప్పారు. చూస్తే అంతా నా జుట్టే, తాడులా చుట్టుకుపోయి. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను తలుపు చాటునుంచి చూశాను. తిడతారేమో, జాలి పడతారేమో అనుకున్నాను. జాలీ కడిగి మళ్ళీ బిగించారు. తర్వాత మీకు ఉత్తరం రాశారు.

మీ జవాబు వచ్చినప్పుడు నేనే లాక్కుని చదివాను. “ఆ జడ చూసే కదా” అన్న చోట ఆగిపోయాను. ఏ జడ చూసి మీరు నన్ను తెచ్చుకున్నారో అది ఇప్పుడు లేదు. ఎలుక తోకలాంటిది వేసుకుని, మీ తోడికోడళ్లందరి ముందు కూర్చుని పెళ్లికూతురికి జడ వెయ్యగలనా? అశుభం అంటారు. అనకపోయినా అనుకుంటారు. అందుకే రానన్నాను.

ఇక కడుగునీళ్ల సంగతి. ఆదివారం షాపు సెలవు. పిల్లల్ని ట్యూషన్‌కి పంపి, దొడ్లో ప్లాస్టిక్ స్టూలు వేసి నన్ను కూర్చోబెడతారు. మొదట మణికట్టు మీద పోసుకుని చల్లగా ఉన్నాయో లేదో చూస్తారు. కళ్ళల్లో పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, చెంబుతో సన్నటి ధార పోస్తారు. మొదటి వారాల్లో ఆ వాసనకి ఇద్దరం ముక్కు మూసుకునేవాళ్లం. ఇప్పుడు అలవాటైపోయింది. మాడు రుద్దుతూ కబుర్లు చెబుతారు. మీరు చిన్నప్పుడు ఆయన్ని నడుం మీద ఎత్తుకుని సినిమాకి తీసుకెళ్లి, ఆయన నిద్రపోతే అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చారంట కదా! పెళ్లయిన ఇన్నేళ్లలో మేం ఇన్ని మాటలు మాట్లాడుకోలేదు. తల వంచుకుని ఉంటాను కాబట్టి నా మొహం ఆయనకి కనపడదు, ఆయన మొహం నాకు కనపడదు. అందుకేనేమో ఏదైనా చెప్పుకోగలుగుతున్నాం.

జుట్టు వచ్చిందా అంటే, రాలడం కాస్త తగ్గింది. మిగిలింది మెత్తగా ఉంది. అంతే.

అమలమ్మ గారు మొన్న గుణదల తిరునాళ్లలో మేరీమాతకి మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చారు. నా సంగతి ఆవిడ ఎప్పుడో కనిపెట్టేశారు. “నేను ఇచ్చాను, నీది పోయింది, అంతే కదమ్మా తేడా. గాలి తగులుతుంటే ఎంత హాయిగా ఉందో” అని కొంగు తీసి బజారంతా తిరుగుతున్నారు. ఆవిడంత ధైర్యం నాకు లేదు.

నన్ను క్షమించండి. ముస్తఫాకి నా దువాలు.

ఆస్రా

*

ఉయ్యూరు
1 మార్చి 2025

ఆస్రాకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి ఏడ్చాను, ఒకసారి తిట్టాను. తిట్టింది నిన్నే. జ్వరానికి ఊడిన జుట్టుని దొంగసొత్తులా దాచుకుంటారా ఎవరన్నా?

సినిమా హాల్లో వాడిని మర్చిపోయిన మాట నిజమే. వెనక్కి పరిగెత్తుకెళ్లేసరికి టికెట్లు చించేవాడి ఒళ్లో కూర్చుని పల్లీలు తింటన్నాడు. ఆ మాట ఇంకెవరికీ చెప్పొద్దని వాడికి చెప్పు.

జడ చూసి నిన్ను చేసుకున్నానని ఊరంతా చెప్పిన మాట కూడా నిజమే. అలా చెప్పుకుంటే వినడానికి బాగుంటది కాబట్టి చెప్పాను. అసలు ఎందుకు చేసుకున్నానో ఇప్పుడు విను.

మేం తెనాలి వచ్చి నిన్ను చూసిన రోజుకి నా ఎడమ చెవి అప్పటికే పోయింది. ఎవరికీ తెలియదు, మీ దుల్హాభాయ్‌కి కూడా. చెవిటిదంటే అత్తగారింట్లో చులకనైపోతానని దాచుకుంటన్నాను. ఎవరేం అన్నా పెదాలు చూసి ఊ కొడుతున్నాను. మీ అమ్మ నా ఎడమ పక్క కూర్చుని ఏదో అడిగింది. నేను వినపడక నవ్వాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ నవ్వాను. నువ్వు టీ కప్పులు తెచ్చావు. ఒక్కసారి నా వైపు చూశావు. కప్పులు పెట్టి, “అమ్మీ, ఫ్యాను గాలికి అడ్డం కూర్చున్నావు, ఆపాకి ఉక్కపోస్తంది” అని మీ అమ్మని లేపి నా కుడి పక్కకి తెచ్చి కూర్చోబెట్టావు. ఫ్యాను ఆ పక్క లేనే లేదు! నాతో ఏమీ అనలేదు, నవ్వనూ లేదు. లోపలికి వెళ్లిపోయావు.

బస్సులోనే అనుకున్నాను, ఈ పిల్లని నా తమ్ముడికి తేవాలని. జడ ఎంత పొడుగుందో ఇంటికొచ్చాక వాళ్లూ వీళ్లూ చెబితే గుర్తుచేసుకున్నాను.

ఫిర్దౌస్‌కి కావాల్సింది ఆ చేతులు. నెత్తి మీద ఏముందో నాకు అక్కర్లేదు. మా తోడికోడళ్ల సంగతి నేను చూసుకుంటాను. రాకపోతే నికా ఆపేసి పెళ్లికొడుకుతో సహా మీ దొడ్లోకి వచ్చి కూర్చుంటాను.

నీ ఆదివారం ముచ్చట మీ దుల్హాభాయ్‌కి చెప్పాను. “మీరూ నాకు పొయ్యకూడదా?” అన్నాను. “నీ తల నువ్వే కడుక్కో” అని పేపరు చదువుకున్నాడు. నిన్న ఆదివారం కాకపోయినా చెంబు పట్టుకుని దొడ్లో నిలబడ్డాడు. “పిలుస్తుంటే వినపడదేం!” అని నన్నే కసురుకున్నాడు. ధార కాదు, కుమ్మరించాడు. ముక్కులోకి పోయి తుమ్ములు. అయినా బాగుంది.

రంజాన్ నెల వస్తంది. నా కోసం దువా చెయ్యి.

నీ ఆపా

*

సింగ్‌నగర్
27 ఏప్రిల్ 2025

దిల్షాద్ ఆపాకి సలాం.

క్షేమంగా చేరాం. ఇల్లంతా ఇంకా మీ పెళ్లి పూల వాసనే. పిల్లలు ప్రతి పూటా బిర్యానీ అడుగుతున్నారు.

ఆ రోజు ఆడవాళ్ల గదిలో ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది, తర్వాత నవ్వొస్తోంది. నేను స్కార్ఫు తియ్యాలా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతుంటే, మీరు నా చెవిలో గుసగుసగా ఏదో చెప్పబోయారు. ఆపా, మీ గుసగుస మీకే గుసగుస. “మా ఆస్రాకి జ్వరమొచ్చి జుట్టు ఊడింది, ఎవరన్నా ఏమన్నా అడిగితే నన్ను అడగమను” అన్నది షామియానా బయట వంటవాళ్లకి కూడా వినపడింది. గదిలో అందరూ నా వైపు తిరిగారు. భూమిలోకి దిగిపోదామనుకున్నాను.

అప్పుడు మీ చిన్న తోడికోడలు మెల్లగా, “నాకు రెండో కాన్పు తర్వాత ఇంతే ఊడింది, ఇప్పుడున్నది సవరం” అంది. అని జడ పట్టుకుని లాగి చేతిలో పెట్టింది! ఆ పక్కావిడ థైరాయిడ్ అంది. గుడివాడ పెద్దావిడ తన ముడిలోంచి నల్లదారం ఉండ తీసి చూపించింది. అరగంటలో పెళ్లికూతుర్ని మర్చిపోయి అందరూ ఎవరి జుట్టు ఎప్పుడు పోయిందో చెప్పుకోవడమే. ఆఖరికి ఫిర్దౌసే, “అత్తా, నాకు జడ వేస్తారా, ఇలాగే నికాకి వెళ్లిపోనా?” అంది. జడ వేస్తుంటే మొదట పాయలు జారిపోయాయి. తర్వాత కుదిరింది. బాగా కుదిరింది కదా?

ఇక మీకు మాత్రమే చెప్పే మాట. పోయిన వారం అద్దం ముందు కూర్చుంటే (తిప్పి పెట్టేశాను, సరిగ్గానే) నుదుటి మీద, పాపిట పొడుగునా సన్నటి కొత్త వెంట్రుకలు గడ్డిలా లేచి నిలబడి ఉన్నాయి. ఎంత దువ్వినా పడుకోవు. సంతోషం పట్టలేక గుణదలలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ చూసి, “పెద్ద జ్వరాల తర్వాత ఇలా రాలుతుందమ్మా, కొన్ని నెలలకి దానంతటదే వస్తుంది” అన్నారు. కడుగునీళ్ల గురించి అడిగితే, “జుట్టు మెత్తగా ఉండటానికి మంచిదే, పోసుకోండి. మొలిపించింది మాత్రం అది కాదు” అని నవ్వారు.

ఆపా, ఈ సంగతి ఆయనకి తెలియకూడదు. తెలిస్తే, రిపేరైపోయిన మిక్సీని పక్కన పెట్టినట్టు చెంబు పక్కన పెట్టేస్తారు. జుట్టు వచ్చినా రాకపోయినా నాకు ఆ ఆదివారాలు కావాలి. సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీరు చెబితే వింటారు. ఇంకొన్నాళ్లు పొయ్యాలని ఒక ముక్క రాయండి.

మీ ఆస్రా

*

ఉయ్యూరు
6 మే 2025

జాకీర్‌కి దువా.

కోడలు బాగుంది. ముస్తఫా టిఫిన్ తిన్న ప్లేటు వాడే కడుగుతున్నాడు, ఆశ్చర్యంగా ఉంది.

నీకో ముఖ్యమైన మాట చెప్పడం మర్చిపోయాను. అమ్మీ పద్ధతిలో కడుగునీళ్లు పొయ్యడం మొదలుపెడితే మధ్యలో మానకూడదు. కొత్త జుట్టు కనపడగానే అయిపోయిందనుకుంటే పొరపాటు. అప్పుడే అసలు పని మొదలయ్యేది. కనీసం ఇంకో ఏడాది పొయ్యాలి. ఆ తర్వాత కూడా మానకుండా ఉంటే ఇంకా మంచిది. ఇంకోటి, ఎవరికి వాళ్లు పోసుకుంటే పనిచెయ్యదు. వేరేవాళ్లు పొయ్యాలి. మాట్లాడుతూ పొయ్యాలి. ఎందుకని అడగకు, అమ్మీ అలాగే చెప్పింది.

దిల్షాద్

*

సింగ్‌నగర్
18 మే 2025

ఆపాకి సలాం.

అమ్మీ ఎప్పుడూ తనే పోసుకునేది. నేను చూశాను. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఆస్రా డాక్టరు దగ్గరికి వెళ్లిందని నాకు తెలుసు. చీటీ బియ్యం డబ్బాలో దాచింది. కడుగు కోసం ప్రతి వారం బియ్యం తీసేది నేనే కదా.

కానీ ఆ చీటీలో ఉన్న సంగతి నాకు కొత్త కాదు. నవంబరులో, బాత్రూం జాలీ విప్పిన మర్నాడే, ఆ జుట్టు కాగితంలో చుట్టుకుని జ్వరం చూసిన డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. “ఏం చెయ్యక్కర్లేదు, దానంతటదే వస్తుంది” అన్నాడు. ఇంటికొచ్చి చెప్పబోతే, ఓదార్చడానికి ఏదో కల్పిస్తున్నాననుకుని తలుపేసుకుంది. ఏడుస్తున్న మనిషికి ‘ఏం చెయ్యక్కర్లేదు’ అని ఎలా చెబుతాం ఆపా? ఏదో ఒకటి చెయ్యాలి కదా. నాకు తెలిసిన పనేమో మిక్సీలు. అందుకే నిన్ను అడిగాను. మొదట్లో తనకోసమే పోశాను. ఇప్పుడు వారమంతా షాపులో కూర్చుని, ఆదివారం తనకి ఏం చెప్పాలా అని కబుర్లు పోగేసుకుంటున్నాను.

నాకు తెలుసని తనకి చెప్పకు. తెలిస్తే, “పాపం నా కోసం కష్టపడుతున్నారు, ఇక చాల్లెండి” అంటుంది. నువ్వు రాసిన ఏడాది సరిపోదు, ఈసారి రాసేటప్పుడు ఇంకాస్త పెంచు.

ఉంటాను. ఆదివారం కదా, పిల్లలు ఇప్పుడే వెళ్లారు. స్టూలు తనే వేసుకుని, జుట్టు విప్పుకుని కూర్చుని, ఎంతసేపు రాస్తారని దొడ్లోంచి కేకేస్తోంది.

నీ తమ్ముడు,
జాకీర్